ఆదివారం ఇల్లు

కిందటి వారం మనం ఇస్త్రీ అక్కని ఆస్పత్రి లాండ్రీలో, ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేత్తో చెవికి ఆనించుకున్న ఫోనుతో, నిలబడి ఉండగా వదిలేశాం. ఫోనులో అవతల ఉన్నది పళ్ల డాక్టరమ్మ. ఆవిడ కూతురూ అక్క కూతురూ ఒకే తరగతి, ఒకే బెంచీ. ఆవిడ అడిగింది చిన్న మాటే.

"మీ అమ్మాయి ఆదివారం మధ్యాహ్నం మా పిల్లని మీ కొత్తింటికి రమ్మందటండీ. అద్దాల బిల్డింగు, మూడో అంతస్తు అంది. వచ్చేటప్పుడు ఏమైనా తెమ్మంటారా?"

అక్కకి కొత్తిల్లు లేదు. ఉన్నది ఒకే గది, అదీ అద్దెది. పొయ్యి ఒక మూల, పక్కబట్టలు ఒక మూల, భర్త రంగు డబ్బాలు ఒక మూల. నాలుగో మూల పిల్లలది. పిల్లలు ఆ మూలలో గట్టిగా నాలుగడుగులు గెంతితే కింద వాటా ముసలాయన కర్ర పెట్టి కప్పు మీద పొడుస్తాడు. అలాంటి ఇంటికి ఎవరినీ పిలిచే అలవాటు వాళ్లకి లేదు. అయినా అక్క నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఏమీ తేవద్దండీ. రండి."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఆస్పత్రిలో ఎవరేం అడిగినా "అలాగేనండీ" అనడం అలవాటైన నోరు అది. ఫోను పెట్టేసేసరికి, చేతి కింద దుప్పటి మీద ఆనిన ఇస్త్రీపెట్టె గోధుమరంగు మచ్చ వేసింది.

ఆ రాత్రి భర్తని ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. చెబితే నమ్మాల్సి వస్తుంది.

భర్త షాపుల బోర్డులు రాసే పెయింటరు. ఊళ్లో సగం బోర్డులు ఒకప్పుడు ఆయన చేతి రాతే. మిషన్లో అచ్చు వేసిన బోర్డులు వచ్చాక ఆ చేతికి పని తగ్గింది. తర్వాత తప్పింది. అప్పటినుంచి ఇంట్లో జీతం ఒక్కటే, అది అక్కది. ఆదివారం కూడా ఆమె పనికి వెళుతుంది కాబట్టి ఆ రోజు పిల్లలు పెయింటరు పూచీ.

ఆ పూచీని ఆయన తక్కువగా ఏమీ చూసుకోలేదు. పైసా అడగని వినోదం ఊళ్లో ఎక్కడెక్కడ ఉందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. రైలు స్టేషను వంతెన మీద నిలబడి రాబోయే బండి ఇంజను ఏ రంగుదో పందేలు కాయించేవాడు. పశువుల డాక్టరు గదిలో ఉన్న చేపల తొట్టె చూపించడానికి, లేని పిల్లికి జబ్బు చేసిందని చెప్పి, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టేవాడు. పాత పోస్టర్లు తిరగేసి కిరీటాలు చేసేవాడు. ఖాళీ రంగు డబ్బాలు తిరగేసి డప్పులు చేస్తే ముసలాయన కర్ర విరిగేంత పని జరిగింది. ఈ మధ్య కొన్నాళ్లుగా మాత్రం ఆదివారం ఎక్కడికెళ్లారని అడిగితే ఒకటే జవాబు. పార్కుకి.

పిల్లలిద్దరూ కూడా "పార్కుకే" అనేవారు. చిన్నాడికి నాలుగేళ్లు. నిలబడ్డచోట నిలబడకుండా తిరుగుతాడని వాడికి బొంగరం అని పేరు పడింది. వాడు అలా అన్నాడంటే అర్థం ఉంది. కానీ రెండో తరగతి చదివే పెద్దదాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో అందరి మీదా పెత్తనం చేస్తుందని తండ్రి దానికి అత్తగారు అని పేరు పెట్టాడు. ఆ అత్తగారు ఇన్ని ఆదివారాలు ఒక మాట దాచి ఉంచిందంటే అది సామాన్యమైన మాట అయ్యుండదు.

ఆదివారం పొద్దున అక్క ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా చేతపట్టుకుని బయల్దేరింది. లాండ్రీకి వెళ్లలేదు. ఊరి నడిబొడ్డున అద్దాల బిల్డింగు ఒకటే ఉంది. దాని ఎదురుగా బస్‌స్టాపులో, మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎండ నెత్తి మీదికి వచ్చిన వేళకి భర్తా పిల్లలూ బస్సు దిగారు. ముగ్గురూ తలలు దువ్వుకుని ఉన్నారు. బొంగరం కాళ్లకి సాక్సులున్నాయి, అవి ఉతికినవి కూడా. సొంత ఇంటికి వెళ్లేవాళ్లలాగా ముగ్గురూ అటూ ఇటూ చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.

అక్క కాసేపు ఆగి వెనకే వెళ్లింది. అది ఫర్నిచర్ షాపు. కింద అంతస్తులో కుర్చీలు, రెండో దాంట్లో ఆఫీసు బల్లలు. మూడో అంతస్తు మెట్లెక్కిన అక్క అక్కడే ఆగిపోయింది.

అక్కడ ఇళ్లున్నాయి. వరసగా గదులు. ప్రతి గదికీ మూడే గోడలు, పైన కప్పు లేదు. మిగతాదంతా ఉంది. తివాచీలు, తెరలు, దీపాలు. ఓ గది గోడకి కిటికీ ఉంది, ఆ కిటికీలో సముద్రం బొమ్మ ఉంది. అలమారలో పుస్తకాలున్నాయి గానీ వాటికి వెన్నులే తప్ప కాగితాలు లేవు. గోడ మీది టీవీ అట్టముక్క. పళ్లెంలో పళ్లు మైనంవి. పైన పటారం, లోన లొటారం అనడానికి దాన్ని మించిన చోటు ఉండదు. అయినా అక్కకి నవ్వు రాలేదు. ఇంత చోటులో కాళ్లు చాపుకుని కూర్చున్న తన పిల్లల్ని ఆమె చూడటం అదే మొదటిసారి.

అత్తగారు భోజనాల బల్ల దగ్గర నిలబడి ఖాళీ కేటిల్‌లోంచి ఖాళీ కప్పుల్లోకి టీ వంపుతోంది. బొంగరం తివాచీ మధ్యలో తిరుగుతున్నాడు. ఎంత తిరిగినా ఎవరూ కింద నుంచి పొడవడం లేదు. పక్క గదిలో ఇద్దరు మనుషులకి సరిపోయే మంచం ఉంది. తలవైపు 'దయచేసి పడుకోరాదు' అని అచ్చు వేసిన బోర్డు ఉంది. ఆ బోర్డు కింద పెయింటరు నోరు తెరుచుకుని పడుకుని గురక పెడుతున్నాడు. బూట్లు మాత్రం మర్యాదగా విప్పి తివాచీ బయట పెట్టాడు.

"లే," అంది అక్క.

ఆయన కళ్లు తెరిచాడు. ముందు భార్యని చూశాడు, తర్వాత బోర్డుని చూశాడు.

"నువ్వా? లాండ్రీకి వెళ్లలేదా?"

"పార్కుకొచ్చాను. బాగుంది. చెట్లే కనపడట్లేదు."

పెయింటరు లేచి కూర్చుని పడక మీద ముడతలు చేత్తో సరిచేశాడు. ఆ పని ఆయన పూర్తిగా, నాలుగు మూలలా చేశాడు. అంతసేపూ మాట్లాడకుండా ఉండొచ్చు కాబట్టి.

"ఏమయ్యా, నిన్నే అడిగేది. ఎన్నాళ్లనుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి. పార్కులో ఉయ్యాలలకి టికెట్టు పెట్టారు. సరే, ఊరికే నడుద్దాం అనుకున్నాం. వాన పట్టుకుంది. తడవకుండా ఇందులోకి దూరాం. చిన్నాడు పోయి సోఫా ఎక్కేశాడు. ఎవరో ఒకరు తిడతారని చూశా. ఎవరూ తిట్టలేదు. 'ఈ ఇల్లెవరిది నాన్నా' అంది అత్తగారు. ఈ పూటకి మనదే అన్నాను."

"అరచేతిలో వైకుంఠం చూపించావన్నమాట."

"వైకుంఠం కాదే, సోఫానే కదా."

"నాకెందుకు చెప్పలేదు? పార్కు, పార్కు అని ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని..."

"పార్కంటే నువ్వు సరే అంటావు. ఇదంటే బాధపడతావు."

"నేనెప్పుడు బాధపడ్డాను?"

"ఎప్పుడూ పడవు. అదే నా భయం."

అక్కకి ఆ మాట ఎక్కడో తగిలింది. తగిలిన చోటు ఎవరికీ కనపడకుండా ఉండటానికి ఆమె టిఫిన్ డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నీకిది ఆట. అది నిజమనుకుంటోంది. స్నేహితురాలిని పిలిచింది, తెలుసా? వాళ్లమ్మతో సహా వస్తున్నారు. ఈ మధ్యాహ్నమే. మా కొత్తిల్లు అని చెప్పిందట. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

పెయింటరు మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలియదని అక్కకి అర్థమైంది.

"అత్తగారూ," అని పిలిచాడు. "ఒకసారి ఇటు రామ్మా."

అత్తగారు కేటిల్‌తో సహా వచ్చింది. తల్లిని చూసి ఒక్క క్షణం ఆగింది, కానీ తడబడలేదు.

"వచ్చేశావా అమ్మా? మంచిదైంది. నాన్నకి మర్యాదలు చేయడం రాదు."

"ఇది మన ఇల్లు కాదు తల్లీ," అన్నాడు పెయింటరు. "నాన్న ఊరికే సరదాకి అన్నాడు. ఇది షాపు."

పిల్ల తండ్రి వంక చూసిన చూపు పెద్దవాళ్లు పిల్లల వంక చూసే చూపు.

"నాకు తెలీదా? ప్రతిదానికీ చీటీ వేలాడుతుంటే! నేనేమన్నా బొంగరాన్నా?"

"తెలిసి ఎందుకు పిలిచావే?" అంది అక్క.

"పుట్టినరోజుకి అది నన్ను వాళ్లింటికి పిలిచింది. నేను వెళ్లాను. మళ్లీ మనం పిలవాలి కదమ్మా? పిలవకపోతే బాగుండదని నువ్వే అన్నావు. మనింటికి పిలిస్తే ఎక్కడ కూర్చోబెట్టను? రంగు డబ్బా మీదా? ఇక్కడైతే బోలెడు సోఫాలు. ఎవరూ వాడుకోవట్లేదు కూడా."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ చెప్పింది వాళ్లే. అది ఇంకొకరి దుప్పటి వెతుక్కుంటుందని వాళ్లకి తోచలేదు.

"పదండి," అంది అక్క. "వాళ్లు రాకముందే వెళ్లిపోదాం. పిల్లకి జ్వరమని ఫోను చేస్తాను."

బొంగరం సాక్సులు వెతుక్కోవడంలో ఆలస్యమైంది. ఒకటి దొరికింది, ఇంకొకటి సోఫా కిందికి పోయింది. పెయింటరు బోర్లా పడుకుని దాన్ని లాగుతుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది.

పళ్ల డాక్టరమ్మ తెల్లని చీర కట్టుకుంది. ఒక చేత్తో కూతుర్ని పట్టుకుంది, ఇంకో చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె ఉంది. లిఫ్టులోంచి ఒక అడుగు బయట పెట్టి ఆగింది. గదుల వరసని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. చీటీలు చూసింది. సోఫా కిందనుంచి బయటికొచ్చిన పెయింటరు కాళ్లు చూసింది. ఆవిడకి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మొహం ఎర్రబడింది.

కూతుళ్లిద్దరూ అప్పటికే చేతులు పట్టుకుని పడకగదిలోకి పరిగెత్తారు.

డాక్టరమ్మ అక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఏమిటండీ ఇది? ఫోనులో కూడా రమ్మన్నారు మీరు. సెలవు రోజు ఇంటి పనులన్నీ మానుకుని వచ్చాం. ఫర్నిచర్ షాపుకా పిలిచింది?"

అక్కకి తల కొట్టేసినట్టయింది. 'క్షమించండి, పిల్లచేష్ట' అని రెండు మాటలంటే అయిపోయేది. ఆ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. అంతలో పడకగదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఇది మా అమ్మ మంచం. మా అమ్మ చాలా పని చేస్తుంది కదా, అందుకని పెద్దది కొన్నాం."

అక్క టిఫిన్ డబ్బా భోజనాల బల్ల మీద పెట్టింది. ఒక కుర్చీ వెనక్కి లాగింది.

"మా ఇంటికే పిలిచిందండీ," అంది. "మా ఇల్లు ఆదివారం ఇక్కడుంటుంది. మిగతా రోజులు వేరే చోటుంటుంది. అక్కడ మిమ్మల్ని కూర్చోబెట్టడానికి చోటుండదు. రండి, కూర్చోండి."

డాక్టరమ్మ వెంటనే కూర్చోలేదు. చేతిలో పెట్టె వంక చూసుకుంది, లిఫ్టు వంక చూసింది. అవతల గదిలో తన కూతురు పడక మీద గెంతుతూ విరగబడి నవ్వుతోంది. ఆవిడ మొహంలో కోపం పూర్తిగా పోలేదు గానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది. చివరికి కూర్చుంది.

అత్తగారు వచ్చి ఆవిడ ముందు కప్పు పెట్టి కేటిల్ వంచింది. "చక్కెర సరిపోయిందాండీ?"

డాక్టరమ్మ ఖాళీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది. "సరిపోయింది. పళ్ల డాక్టర్ని కదా, కొంచెం తక్కువైనా ఫరవాలేదు."

టిఫిన్ డబ్బాలో ఉన్నది రెండు బన్నులు, ఒక అరటిపండు. అక్క వాటిని ముక్కలు చేసి మైనం పళ్ల పళ్లెం ఖాళీ చేసి అందులో పెట్టింది. పిల్లలు ముగ్గురూ వచ్చి పడ్డారు. పొరపాటున బొంగరం మైనం ఆపిలు కొరికాడు. డాక్టరమ్మ వాడి నోరు తెరిపించి, పళ్లన్నీ చూసి, "ఏం ఫరవాలేదు, పన్ను గట్టిదే, ఆపిలే మెత్తనిది," అంది. అప్పటిదాకా సోఫా కిందే దాక్కున్న పెయింటరు సాక్సుతో సహా బయటికి వచ్చి నమస్కారం పెట్టాడు. తర్వాత ఆయన ఊరుకోలేదు. పిల్లల్ని సోఫా మీద వరసగా కూర్చోబెట్టి అది పడవన్నాడు. తివాచీ నీళ్లన్నాడు. కిటికీలో సముద్రం ఎలాగూ ఉంది. తివాచీ మీద కాలు పెట్టినవాడిని తిమింగలం మింగేస్తుందన్నాడు. ఆ తిమింగలం తానే అయ్యాడు.

డాక్టరమ్మ కూతురు తిమింగలం నోట్లోంచి తప్పించుకుని తల్లి దగ్గరికి వచ్చింది. వగరుస్తూ అంది, "అమ్మా, వీళ్లింట్లో సోఫా మీద గెంతొచ్చు. వచ్చే ఆదివారం కూడా వద్దాం."

సోఫాలు కొనడానికి వచ్చినవాళ్లు కొంతమంది ఆగి చూస్తున్నారు. వయసులో ఉన్న జంట ఒకటి అందరికంటే ఎక్కువసేపు నిలబడింది. అక్క వాళ్లని గమనించింది. వాళ్లు చూస్తున్నది సోఫాని కాదు.

డాక్టరమ్మ వెళుతూ వెళుతూ రంగు కాగితం పెట్టె బల్ల మీద పెట్టింది. "గృహప్రవేశానికని తెచ్చాను. పూలకుండీ. ఏ ఇంట్లో పెట్టుకుంటారో మీ ఇష్టం." లిఫ్టు తలుపు మూసుకుంటుండగా ఒక మాట అంది, "మా ఇంటికి కూడా రండి. గెంతడానికి కాదు."

అది వేళాకోళమో, స్నేహమో అక్కకి తేలలేదు. రెండూ అయ్యుండొచ్చు.

అప్పుడు వచ్చింది టేపు మేడమ్. ఆ అంతస్తు సూపర్‌వైజరు ఆవిడే. మెడలో కొలత టేపు పూలదండలా వేలాడుతూ ఉంటుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరది, ఇప్పుడు షాపంతా అదే పేరు. ఇన్ని ఆదివారాలు వాళ్లని చూసీ చూడనట్టు వదిలేసింది ఆవిడే అని పెయింటరు చెప్పాడు. "బూట్లు విప్పమంది, అంతే. ఇంకో మాటనలేదు."

"ఓనరుగారు పిలుస్తున్నారమ్మా," అంది టేపు మేడమ్. "పై అంతస్తులో ఉన్నారు. కెమెరాలో అంతా చూశారు."

పెయింటరు ముందుకొచ్చాడు. "నేనొస్తాను మేడమ్. తప్పు నాది. మావిడ ఈ రోజే వచ్చింది."

"మిమ్మల్ని కాదండీ." టేపు మేడమ్ ఆయన వంక చూడకుండా అంది. "ఆవిణ్ణే రమ్మన్నారు."

పై అంతస్తులో ఓనరు గది చిన్నది. విచిత్రమేమిటంటే అందులో ఉన్న బల్లా కుర్చీలూ పాతవి, ఒక కుర్చీకి కాలు కూడా సరిగ్గా లేదు. ఎదురుగా తెర మీద, మూడో అంతస్తు కెమెరా పట్టిన ఇందాకటి ఆట మళ్లీ నడుస్తోంది. శబ్దం లేకుండా పెయింటరు తిమింగలంలా నోరు తెరుస్తున్నాడు. ఓనరు పెద్దవయసువాడు, మెత్తగా మాట్లాడతాడు. టేపు మేడమ్ తలుపు దగ్గరే నిలబడింది.

"కూర్చోమ్మా. ఆ కుర్చీ కాదు, ఇది. భయపడకు, తిట్టడానికి పిలవలేదు." తెర వైపు చూపించాడు. "మీవాళ్లు ఏ మూల కూర్చుంటే ఆ మూల సామానే ముందు అమ్ముడవుతోంది. ఎందుకా అని చూస్తూ వచ్చాను. ఈ రోజు తెలిసింది. ఇందాక నువ్వు కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టావు చూడు. అక్కడ నిలబడ్డ జంట ఆ భోజనాల బల్ల కొన్నారు. బల్ల కొలతలు కూడా అడగలేదు."

అక్క కుర్చీ అంచు మీదికి జరిగింది.

"ఇల్లు అమ్ముడయ్యేది మనుషుల్ని చూసే. శని, ఆదివారాలు నువ్వూ పిల్లలూ వచ్చి కూర్చోండి. ఈ రోజు చేసినట్టే చెయ్యండి. టీ నిజంది పెట్టిస్తాను. మంచి బట్టలు నేనిస్తాను. లాండ్రీలో ఇచ్చేదానికి తగ్గకుండా ఇస్తాను."

"పిల్లలకి ఆడాలనిపించకపోతే?"

"అనిపించేలా చూసుకోవాలి. తల్లివి కదా."

అక్క తెర వంక చూసింది. తిమింగలం ఇప్పుడు బొంగరాన్ని మింగుతోంది. వాడు చేతులు కొట్టుకుంటూ నవ్వుతున్నాడు.

"మా ఆయనకి చెబుతానండీ. ఆడించేది ఆయనే. ఇదంతా ఆయన ఆలోచనే. నాకివన్నీ చేతకావు."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. టేపు మేడమ్ నేల వంక చూసింది.

"ఆయన వద్దమ్మా," అన్నాడు ఓనరు. "మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆ చేతుల నిండా రంగు మరకలు, ఆ చొక్కా. మంచమెక్కితే నిద్రపోతాడు. ఆయన్ని చూస్తే కొనడానికి వచ్చినవాళ్లకి వాళ్ల సొంత ఇల్లు గుర్తొస్తుంది. ఇక్కడికి వచ్చేది అది కాసేపు మర్చిపోవడానికి. నువ్వూ పిల్లలూ చాలు."

"ఒప్పుకోకపోతే?"

"ఏముంది, వచ్చే వారంనుంచి కింద గేటు దగ్గరే ఆపమని చెప్పాల్సొస్తుంది. ఊరికే కూర్చోబెట్టడానికి ఇది సత్రం కాదు కదా. ఈ రోజు సాయంత్రం వెళ్లేలోపు ఏదో ఒకటి టేపు... సూపర్‌వైజరుగారికి చెప్పు."

మెట్లు దిగుతున్నంతసేపూ అక్క ఒక చేత్తో గోడ పట్టుకునే ఉంది. లాండ్రీలో వేడికి వేళ్ల చివర్లు మొద్దుబారిన చేతులవి. ఆవిరి లేని చోట, కూర్చుని చేసే పని గురించి ఆమె ఇంతకుముందు ఆలోచించలేదు. అలాంటి పని ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చినవాడు దాన్ని సగానికి కోసి ఇచ్చాడు. ఆ సగంలో పిల్లలున్నారు, పెద్ద మంచం ఉంది, కాళ్లు చాపుకునే చోటుంది. పిల్లల్ని ఇక్కడిదాకా నడిపించుకొచ్చిన మనిషి లేడు. వెనకే టేపు మేడమ్ దిగుతోంది.

మూడో అంతస్తులో ఆట ఆగిపోయి ఉంది. బొంగరానికి సాక్సులు తొడిగేశారు. అత్తగారు కప్పులన్నీ తుడిచి సర్దింది. ముగ్గురూ సోఫా అంచు మీద, అతిథుల్లా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పెయింటరు అక్కని చూడగానే లేచాడు.

"ఏమన్నాడు? ఇక రావద్దన్నాడా?"

"లేదు."

"మరి? జరిమానా ఏమన్నా..."

"పని ఇస్తానన్నాడు," అంది అక్క. "ఇక్కడే. శని, ఆదివారాలు. పిల్లల్ని ఆడించడం."

పెయింటరు మొహంలో వచ్చిన మార్పుని అక్క చివరిసారి చూసింది ఎప్పుడో, ఊళ్లో పెద్ద బట్టల దుకాణం బోర్డు రాసి నిచ్చెన దిగుతున్నప్పుడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మరకలు పోయేవి కావు, అయినా తుడుచుకున్నాడు.

"పనా? ఎవరికి?" అన్నాడు. "నాకేనా?"

అత్తగారు తండ్రి చెయ్యి పట్టుకుని తల్లి మొహంలోకి చూస్తోంది.

"ఊఁ," అంది అక్క. "నీకే."

మెట్ల దగ్గర టేపు మేడమ్ అడుగు ఆగిపోయింది.